నీళ్ల అడుగున తలపైన ఏముంది?

స్కూబా డైవింగ్‌లో నైపుణ్యాన్ని చాలామంది లోతుతో కొలుస్తారు. 12 మీటర్లు దిగితే కొత్తవారనీ, 40 దిగితే ఆరితేరినవారనీ లెక్క. లోతు ముఖ్యమే కానీ, అంతకన్నా ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ఆపద వస్తే నేరుగా పైకి లేచే దారి ఉందా? పగడపు దిబ్బ మీద ఈదేవారికి తలపైన నీళ్లు, ఆ పైన ఆకాశం. మునిగిన ఓడలో దూరినవారికి తలపైన ఇనుప రేకు. గుహలో అయితే రాయి. మూడింటికీ వేర్వేరు శిక్షణ ఉన్నది అందుకే.

వీపున మోసే సిలిండర్‌ను ఆక్సిజన్ సిలిండర్ అనడం మనకు అలవాటు. అందులో సాధారణంగా ఉండేది ఒత్తిడితో నింపిన మామూలు గాలే. నీటిలో ప్రతి 10 మీటర్లకూ ఒక వాతావరణ పీడనం పెరుగుతుంది. 30 మీటర్ల దగ్గర అది ఒడ్డున ఉన్నదానికి నాలుగింతలు, ఒక్కో శ్వాసకు ఖర్చయ్యే గాలీ నాలుగింతలు. 12 లీటర్ల సిలిండర్‌లో 200 బార్ల ఒత్తిడి దగ్గర సుమారు 2,400 లీటర్ల గాలి పడుతుంది. నిమిషానికి 20 లీటర్లు పీల్చే మనిషికి ఒడ్డున రెండు గంటలు సరిపోయే ఆ గాలి 30 మీటర్ల కింద అరగంటకే అడుగంటుతుంది. పైకి వచ్చేటప్పుడు ఊపిరి బిగబట్టకూడదు. పీడనం తగ్గేకొద్దీ లోపలి గాలి ఉబ్బి ఊపిరితిత్తులను చీల్చగలదు. తొందరపడితే మరో ముప్పు: ఒంట్లో కరిగిన నైట్రోజన్, గోళీ సోడా కొట్టినప్పటిలా బుడగలు కడుతుంది. అందుకే చాలా సంస్థలు నిమిషానికి 9 మీటర్లకు మించకుండా లేవమంటాయి, 5 మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగమంటాయి.

తొలి పాఠాలకు పగడపు దిబ్బలే తగిన చోటు. సర్టిఫికెట్ లేనివారిని కూడా శిక్షకుడు పక్కనే ఉండి 12 మీటర్ల లోపు దింపుతాడు. అండమాన్‌లోని స్వరాజ్ ద్వీప్ దగ్గర నెమో రీఫ్ అలాంటిదే. ఒడ్డు నుంచే నడిచి దిగవచ్చు. 'ఓపెన్ వాటర్' కోర్సు పూర్తిచేసినవారి హద్దు 18 మీటర్లు, 'అడ్వాన్స్‌డ్' వారిది 30. వినోద డైవింగ్‌లో ఎంతటివారికైనా 40 మీటర్లే ఆఖరు. 30 దాటితే నైట్రోజన్ మత్తు ఎక్కుతుంది, చేతిలోని మీటరు మీద అంకె కనిపిస్తున్నా దాని అర్థం బుర్రకెక్కదు.

దిబ్బ మీద నేర్చుకోవాల్సిన అసలు విద్య తేలకుండా, మునగకుండా నీటి మధ్యలో నిలకడగా ఉండటం. అది రానివారి కాలి ఫిన్ తగిలితే పగడం విరిగిపోతుంది. బండలా పెరిగే పగడాల్లో చాలా రకాలు ఏడాదికి ఒక సెంటీమీటరు అటూ ఇటూగానే పెరుగుతాయి. ఒక్క తన్నుతో పోయేది దశాబ్దాల పెరుగుదల. దిబ్బను తాకకుండా ఈదలేనివారికి ఓడలోకీ గుహలోకీ వెళ్లే అర్హత లేనట్టే.

మునిగిన ఓడలన్నీ ఒకే కష్టం కావు. ఇండోనేషియాలోని బాలి దీవిలో, తులాంబెన్ ఒడ్డున ఉన్న 'లిబర్టీ' కొత్తవారికీ అందుబాటులో ఉంటుంది. 1942 జనవరిలో జపాన్ జలాంతర్గామి దెబ్బకు పాడైన ఈ అమెరికన్ సరకు ఓడను ఒడ్డుకు చేర్చి వదిలేశారు. 1963లో అగుంగ్ అగ్నిపర్వతం బద్దలైనప్పుడు అది తిరిగి సముద్రంలోకి జారింది. పైభాగం 5 మీటర్ల లోతునే ఉంది, అడుగు 30 దాకా పోతుంది. ఎవరి స్థాయికి తగ్గ లోతు వారికి దొరుకుతుంది.

ఈజిప్టు దగ్గర ఎర్రసముద్రంలోని 'థిసిల్‌గార్మ్' అలా కాదు. బ్రిటిష్ సైన్యానికి సామగ్రి మోస్తున్న ఈ ఓడపై 1941 అక్టోబరు 6న జర్మన్ విమానాలు బాంబులు వేశాయి. తొమ్మిది మంది చనిపోయారు. నాటి మోటారు సైకిళ్లు, లారీలు, రబ్బరు బూట్లు నేటికీ అరల్లో వరసగా కనిపిస్తాయి. అడుగు 30 మీటర్ల దగ్గర. ప్రవాహం బలంగా ఉండే చోటు కాబట్టి తాడు పట్టుకుని దిగాల్సిన సందర్భాలు ఎక్కువ. ఓడ చుట్టూ తిరిగి చూడటానికి అడ్వాన్స్‌డ్ సర్టిఫికెట్ చాలు. లోపలికి దూరాలంటే ప్రత్యేక శిక్షణ, లైట్లు, వెనక్కి దారి చూపే తాడు కావాలి. తుప్పు పట్టిన రేకు కోస్తుంది, వేలాడే తీగ సిలిండర్‌కు చిక్కుతుంది, పేరుకున్న మడ్డి లేస్తే వచ్చిన తలుపు కనిపించదు.

కొన్ని ఓడలను అసలు ముట్టకూడదు. 1971 యుద్ధంలో విశాఖపట్నం తీరాన మునిగిన పాకిస్థాన్ జలాంతర్గామి 'ఘాజీ' అందులో ఉన్న నావికులందరికీ సమాధి.

ఇక గుహలు. మెక్సికోలోని యుకటాన్‌లో సున్నపురాయి కరిగి ఏర్పడ్డ 'సెనోటే' అనే నీటి బావులు వేల సంఖ్యలో ఉన్నాయి. మన బొర్రా గుహల్లో వేలాడే రాతి ఊడల్లాంటివే అక్కడ నీటి అడుగునా ఉన్నాయి. అవి గాలిలో, చుక్క చుక్కగా మాత్రమే ఏర్పడతాయి. మంచుయుగంలో సముద్రమట్టం తగ్గి ఆ గుహలు పొడిగా ఉండేవనడానికి అదే సాక్ష్యం. పగటి వెలుగు కనిపించే మేర, పైకి చేరడానికి 60 మీటర్లకు మించని దూరం వరకు, మామూలు డైవర్లను గైడు తీసుకెళ్తాడు. వెలుగు ఆగిన చోట వారి హద్దూ ఆగుతుంది.

ఆ తర్వాతది పూర్తిగా వేరే విద్య. అమెరికన్ డైవర్ షెక్ ఎక్స్‌లీ గుహ మరణాలను పరిశీలించి 1979లో ఒక పుస్తకం రాశాడు. గుహ డైవర్లు పాటించాల్సిన నియమాలు ఇవి: బయటి నీళ్ల దాకా తెగని తాడు ఉండాలి. గాలిలో మూడో వంతు లోపలికి, మూడో వంతు బయటికి, మిగతాది ఆపదకు. ఆ చివరి వంతు ఎందుకంటే, గుహలో అన్నిటికన్నా లోపలి చోట ఉన్నప్పుడు తోడు డైవర్ గాలి పోతే ఇద్దరూ ఒకే సిలిండర్ మీద బయటపడాలి. ఒక్కొక్కరికి మూడు లైట్లు. తాడుకు బిగించే బాణాలు బయటికే చూపాలి. మడ్డి లేచి ఏమీ కనిపించనప్పుడు వేళ్లతో తడిమి దిక్కు తెలుసుకోవాలి. ఇంత తెలిసిన ఎక్స్‌లీ కూడా 1994లో మెక్సికోలోని జకటోన్ నీటిగుంటలో, 300 మీటర్ల లోతు లక్ష్యంగా దిగి ప్రాణం కోల్పోయాడు.

సముద్రంలోని అనుభవం గుహలో అక్కరకు రాదనడానికి థాయిలాండ్‌లోని థామ్ లువాంగ్ ఉదాహరణ. 2018 జూన్ 23న 12 మంది బాలురు, వారి కోచ్ ఆ గుహలో చిక్కుకున్నారు. గాలి సిలిండర్లు చేరవేస్తూ నౌకాదళ మాజీ డైవర్ సమన్ కునాన్ జులై 6న చనిపోయారు. చిక్కుకున్నవారిని కనిపెట్టిన రిక్ స్టాంటన్, జాన్ వోలాంథెన్ నౌకాదళం వారు కారు. సెలవు రోజుల్లో గుహల్లో డైవింగ్ చేస్తూ ఏళ్ల తరబడి ఆ ఒక్క విద్యనే సాధన చేసిన బ్రిటిషర్లు. పిల్లలు కంగారుపడకుండా మత్తుమందిచ్చి, గుహ డైవర్లు ఒక్కొక్కరిని మోసుకుంటూ తెచ్చారు. జులై 10 నాటికి 13 మందీ ప్రాణాలతో బయటికొచ్చారు.