అమెరికా ‘ఏపీ కాల్క్యులస్’, ఆదోని ఇంటర్ ఎంపీసీ: లెక్క ఒకటే, దారులు వేరు

అమెరికాలో ఉన్న బంధువులతో ఫోన్ మాట్లాడేటప్పుడు ‘మా వాడు ఈ ఏడాది ఏపీ కాల్క్యులస్ రాస్తున్నాడు’ అనే మాట అప్పుడప్పుడూ వినిపిస్తుంది. ఇక్కడ ఏపీ అంటే ఆంధ్రప్రదేశ్ కాదు, అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్. హైస్కూల్లో ఉండగానే కాలేజీ స్థాయి పాఠం చదివి పరీక్ష రాసే పద్ధతి అది. మరి ఆదోని, ఎమ్మిగనూరు పిల్లలకు అలాంటి పరీక్ష ఉందా అంటే, ఉంది. కాకపోతే దానికి ఆ పేరు లేదు. ఇంటర్ ఎంపీసీలో చేరిన ప్రతి అమ్మాయి, ప్రతి అబ్బాయి పదహారు, పదిహేడేళ్లకే కాల్క్యులస్ రాస్తున్నారు. పది పూర్తయ్యాక ‘లెక్కలు మావల్ల కాదు’ అని ఎంపీసీ వదిలేసే ముందు, ఆ లెక్క ఏమిటో, పరీక్షలో ఎక్కడ వస్తుందో తెలుసుకోవడం మంచిది.

అమెరికాలో ఎలా రాస్తారు?

కాలేజ్ బోర్డ్ అనే సంస్థ 1956 నుంచి ఈ పరీక్షలు నడుపుతోంది. ఏటా మే నెలలో జరుగుతాయి. కాల్క్యులస్‌లో ఏబీ, బీసీ అని రెండు రకాలున్నాయి. ఏబీలో అవధులు, అవకలనం, సమాకలనం వస్తాయి. బీసీలో వీటితో పాటు అనంత శ్రేణులు వంటివి అదనం. మూడుంపావు గంటల పరీక్షలో 45 మల్టిపుల్ చాయిస్ ప్రశ్నలు, 6 వివరంగా రాసే ప్రశ్నలు ఇస్తారు. కొన్ని భాగాల్లో గ్రాఫ్ గీసే కాలిక్యులేటర్ వాడుకోవచ్చు. ఫలితం 1 నుంచి 5 వరకు స్కోరు రూపంలో వస్తుంది. చాలా యూనివర్సిటీలు 3, 4 లేదా 5 స్కోరు చూసి, డిగ్రీలో ఆ సబ్జెక్టుకు క్రెడిట్ ఇస్తాయి. అంటే మళ్లీ ఆ పాఠం చదవనక్కర లేదు, ఆ ఫీజు కూడా మిగులుతుంది.

ఇక్కడ ఎక్కడ వస్తుంది?

ఆంధ్రప్రదేశ్‌లో చాలా ఏళ్లు ఇంటర్ గణితం నాలుగు పేపర్లుగా నడిచింది: మొదటి ఏడాది 1ఏ, 1బి, రెండో ఏడాది 2ఏ, 2బి. ఒక్కో పేపరుకు 75 మార్కులు. కాల్క్యులస్ అంతా ‘బి’ పేపర్లలోనే ఉండేది. 2025-26 నుంచి ఇంటర్ బోర్డు మొదటి ఏడాదికి ఎన్‌సీఈఆర్‌టీ సిలబస్ తెచ్చి, ఏ, బి పేపర్లను కలిపి 100 మార్కుల ఒకే పేపరు చేసింది. ఎన్‌సీఈఆర్‌టీ 11వ తరగతి పుస్తకంలో కాల్క్యులస్‌కు ఒకే అధ్యాయం ఉంది. అసలు బరువంతా 12వ తరగతిలో ఉంటుంది. సీబీఎస్‌ఈ 12వ తరగతి గణితం రాత పరీక్ష 80 మార్కులకైతే, అందులో 35 మార్కులు ఒక్క కాల్క్యులస్ యూనిట్‌వే.

బోర్డు పరీక్షతో పని అయిపోదు. ఏపీ ఈఏపీసెట్ ఇంజినీరింగ్‌లో 160 ప్రశ్నలుంటే 80 గణితానివే. తప్పు రాస్తే మార్కు కోత లేదు. ర్యాంకు లెక్కలో ఇంటర్ గ్రూప్ సబ్జెక్టుల మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉంది. జేఈఈ మెయిన్‌లో మొత్తం 75 ప్రశ్నల్లో 25 గణితానివి. అందులో మాత్రం తప్పు జవాబుకు మార్కు పోతుంది. ఇక్కడ ఏ పరీక్షలోనూ కాలిక్యులేటర్ ఉండదు.

అసలైన తేడా మరోటుంది. ఇంటర్‌లో ఎంత మంచి మార్కులు వచ్చినా బీటెక్‌లో ఆ సబ్జెక్టుకు క్రెడిట్ రాదు. అనంతపురం జేఎన్‌టీయూ బీటెక్ మొదటి సెమిస్టర్‌లో లీనియర్ ఆల్జీబ్రా అండ్ కాల్క్యులస్ మళ్లీ చదవాల్సిందే. అంటే అమెరికా పిల్లలకు అది ఒక మెట్టు దాటించే పరీక్ష. ఇక్కడి పిల్లలకు అది సీటు ఇచ్చే పరీక్ష, ఆ తర్వాత మొదటి ఏడాది తట్టుకునే బలం కూడా అదే ఇస్తుంది.

క్యూసెక్కు, టీఎంసీ: కాల్క్యులస్ అంటే ఇదే

తుంగభద్ర దిగువ కాలువ నీళ్లు తెలిసినవారికి కాల్క్యులస్ సగం తెలిసినట్టే. కాలువలో నీళ్లు ఎంత వేగంగా వస్తున్నాయో క్యూసెక్కుల్లో చెబుతారు. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు. మొత్తం ఎంత నీరు చేరిందో టీఎంసీల్లో చెబుతారు. ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. రోజుకు 86,400 సెకన్లు కాబట్టి, సుమారు 11,574 క్యూసెక్కులు ఒక రోజంతా పారితే ఒక టీఎంసీ అవుతుంది.

ప్రవాహం రోజంతా ఒకేలా ఉంటే గుణకారం చాలు. పొద్దున ఎక్కువ, మధ్యాహ్నం తక్కువ, రాత్రికి మళ్లీ ఎక్కువ అయితే? కాలాన్ని చిన్న చిన్న ముక్కలు చేసి, ఒక్కో ముక్కలో వచ్చిన నీళ్లన్నీ కలపాలి. ఆ కలపడమే సమాకలనం. దానికి తిరుగుదారి, అంటే చెరువులో నీటి మొత్తం ఎలా పెరిగిందో చూసి ఈ క్షణంలో ఎంత వేగంగా వస్తోందో చెప్పడం, అవకలనం. క్యూసెక్కు అవకలజం, టీఎంసీ సమాకలని. పరీక్షలో గుర్తులు మారతాయి, సంగతి ఇంతే.

ఇంకో లెక్క. ఆదోనిలో ఒక పత్తి మిల్లు గోడ పక్కన బేళ్లు పెట్టడానికి జాగా కట్టాలి. 100 అడుగుల కంచె ఉంది. ఒక వైపు గోడ ఉంది కాబట్టి మూడు వైపులా కంచె చాలు. వెడల్పు 20 అడుగులు పెడితే పొడవు 60, జాగా 1,200 చదరపు అడుగులు. వెడల్పు 30 అయితే పొడవు 40, అప్పుడూ 1,200. అన్నిటికంటే ఎక్కువ జాగా ఎప్పుడొస్తుంది? వెడల్పు ఎక్స్ అనుకుంటే జాగా 100ఎక్స్ నుంచి 2ఎక్స్ స్క్వేర్ తీసేసినంత. దాని అవకలజం 100 మైనస్ 4ఎక్స్. అది సున్నా అయ్యేది ఎక్స్ 25 దగ్గర. పొడవు 50, జాగా 1,250. ఇంటర్‌లో గరిష్ఠాలు, కనిష్ఠాలు అని చెప్పేది ఇదే రకం లెక్క.

మూడు భాషల మధ్య ఒక బిడ్డ

పదో తరగతి వరకు ఉర్దూ మీడియంలో చదివి, ఇంటర్‌లో ఇంగ్లిష్ మీడియం ఎంపీసీలో చేరే పిల్లలకు లెక్క కంటే ముందు మాట అడ్డం పడుతుంది. ఇంగ్లిష్‌లో లిమిట్ అనేదాన్ని తెలుగులో అవధి అంటారు, ఉర్దూలో హద్. డెరివేటివ్ తెలుగులో అవకలజం, ఉర్దూలో ముష్తఖ్. ఉర్దూ వ్యాకరణంలో ఒక మాట నుంచి పుట్టిన ఇంకో మాటను కూడా ముష్తఖ్ అనే అంటారు. గణితంలోనూ ఒక ప్రమేయం నుంచి పుట్టిన ఇంకో ప్రమేయమే అది. ఈ ఒక్క పోలిక చెబితే బిడ్డకు భయం సగం తగ్గుతుంది.

ఎన్‌సీఈఆర్‌టీ 11, 12 తరగతుల గణితం పుస్తకాలు ఉర్దూలోనూ ఉన్నాయి. పరీక్ష ఇంగ్లిష్‌లో రాసినా, అర్థం చేసుకోవడానికి ఆ పుస్తకం పక్కన పెట్టుకోవచ్చు. జేఈఈ మెయిన్ 13 భాషల్లో జరుగుతుంది, వాటిలో తెలుగు, ఉర్దూ రెండూ ఉన్నాయి. భాష ఏదో దరఖాస్తు నింపేటప్పుడే ఎంచుకోవాలి. అనువాదంలో తేడా వస్తే ఇంగ్లిష్ పాఠమే చెల్లుతుంది.

చిక్కు ఎక్కడుంది?

పాత 1బి పుస్తకంలో కాల్క్యులస్ చివరి మూడు అధ్యాయాలు. 2బి పుస్తకంలోనూ చివరి మూడే. పుస్తకం వరుసలోనే పాఠం చెబితే అవి ఏడాది చివర్లో పడతాయి. పశ్చిమ కర్నూలు పల్లెల్లో సరిగ్గా అప్పుడే సుగ్గి మొదలవుతుంది. కోసిగి, పెద్దకడుబూరు, కౌతాళం వైపు నుంచి కుటుంబాలు మిరప కోతకు గుంటూరు వైపు వెళతాయి. పిల్లలు కూడా వెంట వెళితే ఆ పాఠాలే పోతాయి. చరిత్ర పాఠం ఒకటి పోతే తర్వాతది చదువుకోవచ్చు. కాల్క్యులస్ అలా కాదు. అవధులు రాకపోతే అవకలనం రాదు, అది రాకపోతే సమాకలనం రాదు, ఈ రెండూ రాకపోతే అవకల సమీకరణాలు అంటుకోనే అంటుకోవు.

ఏం చేయాలి?

పది పరీక్షలు అయ్యాక కాలేజీ తెరిచేలోపు దొరికే వేసవిలో బీజగణితం, త్రికోణమితి మళ్లీ ఒకసారి చూసుకోవాలి. కాల్క్యులస్‌లో పోయే మార్కులు చాలావరకు గుర్తు తప్పు, సూత్రం మరచిపోవడం వల్లే పోతాయి. అవధులు, అవకలన సూత్రాలు మొదటి ఏడాదిలోనే చేతికి వచ్చేదాకా రాయాలి. రోజుకు అయిదు లెక్కలు పుస్తకం మూసి చేస్తే, వారానికోసారి యాభై లెక్కలు చూసి రాసినదానికంటే మేలు.

కుటుంబం సుగ్గికి పోక తప్పకపోతే, ఆ రెండు మూడు నెలలు బిడ్డ హాస్టల్లోనో బంధువుల ఇంట్లోనో ఉండే ఏర్పాటు ముందే చూసుకోవాలి. ఏ పాఠాలు మిగిలాయో లెక్చరర్‌ను అడిగి రాసుకోవాలి. ఒకసారి తప్పితే సప్లిమెంటరీ ఉంది, మార్కులు తక్కువైతే ఇంప్రూవ్‌మెంట్ రాసుకునే వీలుంది. పది తర్వాత పాలిసెట్ రాసి డిప్లొమాకు వెళ్లినా కాల్క్యులస్ తప్పదు. ఈసెట్‌తో బీటెక్ రెండో ఏడాదిలో చేరేవాళ్లకూ అదే పునాది.

ఆడపిల్లను దూరం పంపలేమని ఎంపీసీ మాన్పించే ఇళ్లు కూడా ఒకటి గమనించాలి. విజయవాడ కార్పొరేట్ కాలేజీలో ఉన్నదీ, ఆదోని ప్రభుత్వ జూనియర్ కాలేజీలో ఉన్నదీ ఒకటే సిలబస్, ఒకటే ప్రశ్నపత్రం. ఎంపీసీ లేకపోతే ఈఏపీసెట్ ఇంజినీరింగ్ తలుపు మూసుకున్నట్టే. ఆ నిర్ణయం పది ఫలితాలొచ్చిన వారంలో, భయంతో తీసుకోకూడదు. బిడ్డను పక్కన కూర్చోబెట్టుకుని, ఒక లెక్చరర్‌తో మాట్లాడి తీసుకోవాలి.