జిల్లేడు మీది పులి

వానలు తగ్గి దసరా సెలవులు అయిపోయాక, హాస్టల్ గోడ పక్కన జిల్లేడు మొక్క ఉంటే ఒకసారి ఆగి చూడండి. ఆకు మీద నలుపు, తెలుపు పట్టీలు, పసుపు చుక్కలు గల పురుగు కనిపిస్తే కొట్టకండి. అదే పెరిగి నారింజ రంగు సీతాకోకచిలుక అవుతుంది. దాని పేరు ప్లెయిన్ టైగర్. జిల్లేడు పాలలోని విషం దాని ఒంట్లో నిలుస్తుంది కనుక పిట్టలు దాని జోలికి పోవు.

అమెరికాలో పేరుమోసిన మోనార్క్ దీనికి దగ్గరి చుట్టం. శాస్త్రీయ నామంలో రెండింటి ఇంటిపేరూ డానస్. మోనార్క్‌లు ఏటా చలికి ముందు కెనడా, అమెరికాల నుండి నాలుగు వేల కిలోమీటర్ల దాకా ఎగిరి మెక్సికో కొండల్లోని చెట్లకు చేరతాయి. ఫ్రెడ్ ఉర్కహార్ట్ దంపతులు ఎన్నో ఏళ్లు రెక్కలకు చిన్న చీటీలు అంటించి వెదికించగా, ఆ చోటు 1975 జనవరిలో శాస్త్రలోకానికి తెలిసింది. వేసవిలో పుట్టినవి కొన్ని వారాలే బతుకుతాయి. వలసపోయే తరం మాత్రం ఎనిమిది నెలల దాకా బతుకుతుంది. తిరుగుదారిలో గుడ్లు పెట్టి చనిపోతాయి. మిగతా దారి పిల్లలది, మనుమలది. అంటే మళ్లీ మెక్సికో పోయేవి ఆ కొండను ఎన్నడూ చూడనివే! సూర్యుణ్ణి బట్టి దిక్కు పడతాయి. సూర్యుడు కదులుతుంటే లెక్క సరిచేసే గడియారం వాటి మీసాలలో ఉందని 2009లో తేలింది. మా నాయన దీపావళి దాటినంక బొంబాయి బస్సెక్కేటోడు. ఆయనకు దారి చూపెట్టడానికి మేస్త్రీ ఉండె. వీటికి ఎవరున్నారు?

దక్షిణ భారతంలోనూ ఇటువంటి వలస ఉంది. నల్లని రెక్కల మీద లేత నీలి మచ్చలుండే బ్లూ టైగర్, గోధుమ నలుపు కామన్ క్రో అక్టోబరు, నవంబరులలో తూర్పు మైదానాల నుండి పడమటి కనుమల వైపు గుంపులుగా పోతాయి. నైరుతి వానలకు ముందు తూర్పుకు మళ్లుతాయి. దారిలో మగవి ఎండిన జనుము జాతి మొక్కలపై వాలి రసం పీలుస్తాయి. ఆడవాటిని ఆకర్షించే వాసన తయారీకి అది కావాలి.

చూడటానికి పరికరాలేమీ అక్కరలేదు. ఉదయం ఎండెక్కాక మైదానంలో ఒకచోట నిలబడి, మీ ముందు నుండి పది నిమిషాల్లో ఎన్ని దాటాయో, ఏ దిక్కుకో, గాలి ఎటుందో నోటుబుక్కులో తేదీతో రాయండి. పువ్వు పువ్వుకూ తిరిగేది వలసది కాదు. ఆగకుండా ఒకే దిక్కుకు పోయేవాటినే లెక్కపెట్టండి. ఒక్కరోజు లెక్కతో ఏమీ తేలదు, రెండు నెలలు రాయాలి. శ్రమదానం రోజున జిల్లేళ్లన్నీ నరకకుండా మూలకు రెండు మూడు వదలమని వార్డెన్ గారిని అడగండి. ఆకు తాకిన చేత్తో కళ్లు మాత్రం నులుముకోవద్దు, ఆ పాలు కంటికి ప్రమాదం.