ఆట ఆడితే కంప్యూటర్ ఎందుకు ఆరిపోయింది?

ఈ నెల గోడపత్రికలో నేను కంప్యూటర్ గురించి రాస్తున్నాను. తప్పులుంటే మన్నించగలరు.

మన కంప్యూటర్ గదిలో కిటికీ పక్కనున్న 4వ నంబరు కంప్యూటర్ మీ అందరికీ తెలుసు. పోయిన నెల ఒక ఆదివారం ఏడో తరగతి చెల్లి దాని మీద సూపర్‌టక్స్‌కార్ట్ అనే కార్ల పందెం ఆట ఆడుతోంది. ఉన్నట్టుండి కంప్యూటర్ టప్‌మని ఆరిపోయింది. "ఆటలాడి పాడు చేసేసింది" అని అందరం అన్నాం. నేను కూడా అన్నాను. ఆ చెల్లి ఆ రాత్రి అన్నం తినలేదు. తర్వాత రెండు వారాలు ఆ గదికే రాలేదు. ఇక ఆదివారాలు గది తెరవొద్దు అనే మాట కూడా వచ్చింది.

నాకు ఒక అనుమానం వచ్చింది. నిజంగా పాడైపోతే మర్నాడు మళ్ళీ ఎలా పనిచేసింది? గంటసేపు తెలుగు టైపు చేసినా ఏమీ కాలేదు. ఆట పెడితేనే ఆరిపోతోంది. కంప్యూటర్ సార్‌ని అడిగాను. "కారణం వెతుకుదాం. కానీ ఒకసారికి ఒక్కటే మార్చాలి. రెండు కలిపి మారిస్తే దేనివల్ల బాగైందో తెలీదు" అన్నారు. అన్నీ నోటు పుస్తకంలో రాసుకున్నాను.

మొదట ఎలా ఆగుతోందో చూడాలి. నీలం తెర వచ్చి ఆగితే దాని మీదున్న అక్షరాలు రాసుకోవాలి. అది ఎక్కువగా ర్యామ్ వల్లో, డ్రైవర్ అనే ప్రోగ్రాం వల్లో వస్తుంది. బొమ్మ కదలకుండా నిలిచిపోతే ఆటలోనే లోపం ఉండొచ్చు, బొమ్మలు చూపించే భాగంలో కూడా ఉండొచ్చు. ఏ మాటా రాకుండా ఒక్కసారిగా ఆరిపోతే ముందు రెండింటిని అనుమానించాలి. ఒకటి వేడి, రెండు కరెంటు. మనది ఇలా ఆరిపోయే రకం.

సార్ ఈవెంట్ వ్యూయర్ తెరిచి చూపించారు. కంప్యూటర్ తనకు జరిగినవన్నీ అందులో రాసుకుంటుంది. అక్కడ కెర్నల్ పవర్ 41 అని ఉంది. సరిగ్గా మూయకుండానే ఆరిపోయింది అని మాత్రమే దాని అర్థం. ఎందుకు ఆరిందో అది చెప్పదు. ఎవరి తప్పో అసలే చెప్పదు.

తర్వాత ఇలా చేశాం.

1. చెల్లికి బదులు నేను కూర్చుని ఆడాను. 12 నిమిషాలకు ఆరిపోయింది. అంటే తప్పు చెల్లి చేతిలో లేదు.

2. ప్లగ్గు తీసి 5వ నంబరు కంప్యూటర్ ప్లగ్గు ఉన్న చోట పెట్టాం. మళ్ళీ ఆరిపోయింది.

3. కంప్యూటర్ ఆపి, ర్యామ్ తీసి, దాని బంగారు రంగు అంచును రబ్బరుతో మెల్లగా తుడిచి పెట్టాం. మళ్ళీ ఆరిపోయింది.

4. ఆరిపోయిన వెంటనే ఆన్ చేసి, డిలీట్ మీట నొక్కి బయోస్‌లోకి వెళ్ళాం. అక్కడ ప్రాసెసర్ వేడి చూపిస్తుంది. 86 డిగ్రీలు ఉంది. 5వ నంబరులో కూడా అదే ఆట అంతసేపే ఆడి చూస్తే 54 ఉంది. దొంగ దొరికాడు!

మరి టైపు చేస్తే రాని వేడి ఆటకెందుకు వస్తుంది? మా అయ్య కావిడి మోసేటప్పుడు ఒక మాట అంటాడు. "సాపుగా ఉన్నకాడ ఎవులైనా నడుస్తారు, కొండెక్కినప్పుడే ఊపిరి తెలుస్తాది." కంప్యూటర్‌కు టైపు చేయడం సాపు దారి. ఆటంటే కావిడితో కొండెక్కడం. సెకనుకు ఎన్నో బొమ్మలు గీయాలి, లెక్కలు కట్టాలి. కరెంటు ఎక్కువ తాగుతుంది, వేడెక్కుతుంది. ఆ వేడిని లాగడానికి ప్రాసెసర్ మీద లోహపు రేకులు, వాటి మీద ఫ్యాను ఉంటాయి. అవి చాలకపోతే ప్రాసెసర్ ముందు తన పని తగ్గించుకుంటుంది. ఇంకా వేడెక్కితే కాలిపోకుండా తనే ఆగిపోతుంది. చాలా ప్రాసెసర్లకు ఈ హద్దు 100 డిగ్రీల దగ్గర ఉంటుంది. అంటే నీళ్ళు మరిగే వేడి. కాబట్టి అది ఆరిపోవడం పాడవడం కాదు, తనను తాను కాపాడుకోవడం.

సార్ ముందుండి పెట్టె విప్పించారు. ముందు ప్లగ్గు పూర్తిగా పీకి, పవర్ బటన్ కొన్ని సెకన్లు నొక్కి ఉంచాం. పెట్టె ఇనుమును ముట్టుకుని, ఆ తర్వాతే లోపల చెయ్యి పెట్టాం. మన ఒంట్లో ఉండే స్థిర విద్యుత్తు చిప్పులను పాడు చేస్తుందట. లోపల చూస్తే రేకుల మధ్య దూది పరుపులా దుమ్ము! కిటికీ అవతలే వంటశాల కదా, పొయ్యి బూడిదంతా అక్కడికే చేరింది. ఫ్యాను రెక్క కదలకుండా వేలితో పట్టుకుని పొడి బ్రష్షుతో దులిపి, సైకిల్ పంపుతో గాలి కొట్టాం. నోటితో ఊదకూడదు, తుంపర్లు పడతాయి. ప్రాసెసర్‌కూ రేకులకూ మధ్య రాసే పేస్టు ఎండి పెచ్చులుగా ఉంది. సార్ తుడిచి శనగ గింజంత కొత్తది పెట్టారు. పెట్టెను గోడకు జానెడు దూరం జరిపాం.

ఆ సాయంత్రం గంటసేపు ఆడినా ఆరలేదు. బయోస్‌లో 56 డిగ్రీలు ఉంది. ఇంకా ఆరిపోతూ ఉంటే కరెంటు ఇచ్చే ఎస్ఎమ్‌పిఎస్ పెట్టెను మార్చి చూసేవాళ్ళం. కానీ ఆ పెట్టెను మాత్రం ఎవరూ విప్పకండి. ప్లగ్గు తీసినా అందులో కరెంటు నిలవ ఉంటుంది, ప్రాణానికే ప్రమాదం.

నోటు పుస్తకం వార్డెన్ మేడమ్ గారికి చూపించాను. మేడమ్ అంతా చదివి, ఆదివారం గది తెరవమన్నారు. నేను వెళ్ళి చెల్లిని పిలుచుకొచ్చి 4వ నంబరు దగ్గర కూర్చోబెట్టాను. "నన్ను మన్నించు" అన్నాను. తను ఏమీ అనలేదు, ఆట పెట్టింది.

అక్కచెల్లెళ్ళారా, మన ఇళ్ళల్లో ముందు ఎవరికీ కంప్యూటర్ తెలీదు. అందుకే ఏదైనా ఆగిపోతే మనవల్లే అనుకుని భయపడతాం. భయపడకండి. ఏమైందో రాసుకోండి, సార్‌కి చెప్పండి. రెండు నెలలకోసారి దుమ్ము దులుపుదాం. కారణం తెలిసేదాకా ఎవరి మీదా తప్పు వేయొద్దు.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని