డిస్ట్రాయర్ మీదకు క్షిపణి ఎలా ఎక్కింది? ‘గ్యాట్’ నుంచి ‘రాజ్‌పుత్’ దాకా

2021 మే 21. కొవిడ్ రెండో వేవ్ ఉధృతంగా ఉన్న రోజులు. విశాఖపట్నం నావల్ డాక్‌యార్డ్‌లో సూర్యాస్తమయ వేళ, పెద్దగా అతిథులెవరూ లేకుండానే ఐఎన్ఎస్ రాజ్‌పుత్ మీద నుంచి నౌకాదళ జెండాను దించారు. 41 ఏళ్ల సర్వీసు అలా ముగిసింది. సరిగ్గా ఆరు నెలల తర్వాత, నవంబరు 21న ముంబయిలో ఐఎన్ఎస్ విశాఖపట్నం నౌకాదళంలో చేరింది.

రెండింటినీ పత్రికలు ‘గైడెడ్ మిసైల్ డిస్ట్రాయర్’ అనే రాశాయి. కానీ ఫొటోలు పక్కపక్కన పెట్టి చూస్తే, రెండూ ఒకే జాతి ఓడలని నమ్మడం కష్టం. రాజ్‌పుత్ డెక్ మీద ముందూ వెనకా జంట కొమ్ముల్లాంటి లాంచర్లు, వాటి మీద బిగించిన క్షిపణులు బయటికే కనిపించేవి. కొత్త ఓడ డెక్ మీద కనిపించేవి వరసగా ఉన్న చదరపు మూతలు మాత్రమే. ఈ మార్పు ఎందుకు వచ్చిందో అర్థం కావాలంటే, అసలు డిస్ట్రాయర్‌కు క్షిపణి ఎందుకు అవసరమైందన్న దగ్గర మొదలుపెట్టాలి.

తుపాకీ చాలని రోజు

డిస్ట్రాయర్ అన్న పేరు ‘టార్పెడో బోట్ డిస్ట్రాయర్’ నుంచి వచ్చింది. పెద్ద యుద్ధనౌకల మీదకు టార్పెడోలతో దూసుకొచ్చే చిన్న పడవలను వేటాడటానికి 19వ శతాబ్దం చివర్లో పుట్టిన ఓడ ఇది. రెండో ప్రపంచ యుద్ధం నాటికి దాని ప్రధాన శత్రువు పడవ కాదు, విమానం.

1943 సెప్టెంబరు 9న జర్మన్ విమానం వదిలిన ఫ్రిట్జ్-ఎక్స్ అనే రేడియో నియంత్రిత బాంబు ఇటలీ యుద్ధనౌక ‘రోమా’ను ముంచేసింది. మరుసటి ఏడాది అక్టోబరు నుంచి పసిఫిక్‌లో జపాన్ కమికాజే దాడులు మొదలయ్యాయి. ఒకరకంగా కమికాజే విమానం కూడా గైడెడ్ మిసైలే. కాకపోతే గైడెన్స్ పరికరం స్థానంలో మనిషి ఉన్నాడు. 1945లో ఒకినావా చుట్టూ రాడార్ కాపలాకు నిలబెట్టిన అమెరికా డిస్ట్రాయర్లే ఈ దాడులకు ఎక్కువగా బలయ్యాయి.

తుపాకులు పనిచేయలేదని కాదు. విమానం దగ్గరికి రాగానే దానంతటదే పేలే ప్రాక్సిమిటీ ఫ్యూజ్ అప్పటికే ఉంది. చిక్కల్లా ఏమిటంటే, చివరి కిలోమీటరులో విమానాన్ని కొట్టినా దాని శిథిలాలు అదే వేగంతో వచ్చి ఓడ మీద పడతాయి. కొట్టాలంటే దూరంగా ఉండగానే కొట్టాలి. పైగా జెట్ విమానాలు వచ్చేస్తున్నాయి.

దీంతో 1945 జనవరిలో అమెరికా నౌకాదళం, ప్రాక్సిమిటీ ఫ్యూజ్‌ను తయారుచేసిన జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీ అప్లైడ్ ఫిజిక్స్ ల్యాబొరేటరీకే కొత్త పని అప్పగించింది. దాని పేరు ‘ప్రాజెక్ట్ బంబుల్‌బీ’. అందులోంచి టాలోస్, టెరియర్, టార్టార్ అనే మూడు క్షిపణులు వచ్చాయి. అసలు లక్ష్యం రామ్‌జెట్ ఇంజిన్‌తో నడిచే భారీ టాలోస్. దాని గైడెన్స్‌ను పరీక్షించడానికి చేసిన ప్రయోగ వాహనమే బాగా పనిచేస్తుండటంతో, దాన్ని టెరియర్ పేరుతో ఆయుధంగా మార్చారు.

గ్యాట్ నేర్పిన పాఠం

టెరియర్‌ను ముందు క్రూయిజర్ల మీద పెట్టారు. యూఎస్ఎస్ బోస్టన్ 1955 నవంబరులో ఆ అవతారంలో సేవలోకి వచ్చింది. క్రూయిజర్ పెద్ద ఓడ, చోటుకు కొదవ లేదు. డిస్ట్రాయర్ సంగతేమిటి? అది తేల్చడానికి రెండో ప్రపంచ యుద్ధం నాటి ‘యూఎస్ఎస్ గ్యాట్’ అనే డిస్ట్రాయర్‌ను తీసుకున్నారు. వెనకున్న తుపాకులు పీకేసి జంట టెరియర్ లాంచర్ బిగించారు. 1956 డిసెంబరు 3న అది మళ్లీ సేవలో చేరింది. ప్రపంచంలో తొలి గైడెడ్ మిసైల్ డిస్ట్రాయర్‌గా చరిత్రలో నిలిచింది ఇదే.

అది మోయగలిగింది 14 క్షిపణులు. టెరియర్ అడుగున బూస్టర్ రాకెట్ ఉంటుంది. రెండూ కలిస్తే సుమారు 27 అడుగులు. అంత పొడవు వస్తువులను దాచే గది, పైకి తెచ్చే యంత్రాంగం, దారి చూపే రాడార్, దానికి విద్యుత్తు... ఇన్నింటినీ ఆ చిన్న ఓడలో ఇరికించారు. క్షిపణి ఎక్కిందన్న మాటే గానీ, ఓడలో ఇంక దేనికీ చోటు మిగల్లేదు. 1962లో ఆ క్షిపణులను తీసేసి గ్యాట్‌ను తిరిగి మామూలు డిస్ట్రాయర్‌గా మార్చేశారు. దీన్ని వైఫల్యం అనడం నాకు అన్యాయంగానే తోస్తుంది. పాత ఓడకు కొత్త ఆయుధం తగిలించే దారి మూసుకుపోయిందని తేల్చిన ప్రయోగం అది.

టెరియర్‌కు గైడెన్స్ సమస్య కూడా ఉంది. తొలి టెరియర్లు ‘బీమ్ రైడర్లు’. రాడార్ కిరణాన్ని లక్ష్యం మీద నిలిపితే, క్షిపణి ఆ కిరణం మధ్యలోంచి ప్రయాణిస్తుంది. టార్చిలైటు వెలుగు దూరం పోయేకొద్దీ వెడల్పయినట్టే రాడార్ కిరణమూ విచ్చుకుంటుంది. అంటే లక్ష్యం ఎంత దూరంలో ఉంటే గురి అంత సడలుతుంది. నీటికి దగ్గరగా ఎగిరేవాటి విషయంలో ఇంకా కష్టం, కిరణం సముద్రం మీద పడి ప్రతిఫలిస్తుంది.

రెండు సమస్యలకూ టార్టార్ సమాధానమైంది. విడి బూస్టర్‌ను తీసేసి, మొదట గట్టిగా, తర్వాత నెమ్మదిగా మండే ఒకే మోటారు పెట్టారు. పొడవు సుమారు 15 అడుగులకు తగ్గింది. డెక్ కింద డ్రమ్ములో నిలువుగా నిలబెట్టి, ఒక్కొక్కటిగా లాంచర్ చేతికి అందించవచ్చు. గైడెన్స్ కూడా మారింది. ఓడలోని ఇల్యూమినేటర్ రాడార్ లక్ష్యం మీద తరంగాలను ప్రసరిస్తుంది, అక్కడ నుంచి తిరిగొచ్చే ప్రతిధ్వనిని పట్టుకుని క్షిపణి తన దారి తాను చూసుకుంటుంది.

ఈ క్షిపణి కోసమే గీసిన డిజైన్ చార్లెస్ ఎఫ్. ఆడమ్స్ తరగతి. మొదటి ఓడ 1960 సెప్టెంబరు 10న చేరింది. సుమారు 4,500 టన్నుల ఓడలో 42 టార్టార్లు. అమెరికాకు 23, ఆస్ట్రేలియాకు 3, పశ్చిమ జర్మనీకి 3 కట్టారు.

కానీ 42 అన్న అంకె ఒకరకంగా మోసం. ఆ ఓడలో ఇల్యూమినేటర్లు రెండే. క్షిపణి తగిలేదాకా ఇల్యూమినేటర్ ఆ ఒక్క లక్ష్యాన్నే పట్టుకుని ఉండాలి. అంటే కడుపులో ఎన్ని క్షిపణులున్నా ఒకేసారి ఎదుర్కోగలిగింది రెండు విమానాలనే. మూడోది తన వంతు వచ్చేదాకా ఆగదు కదా! దీనికి తోడు తొలి రోజుల్లో ఈ మూడు రకాల క్షిపణి వ్యవస్థలూ తరచూ మొరాయించేవి. వాటిని దారిలో పెట్టడానికి అమెరికా నౌకాదళం 1962లో రియర్ అడ్మిరల్ ఎలై రైక్ నేతృత్వంలో ప్రత్యేక బృందాన్నే వేయాల్సి వచ్చింది.

సోవియట్ దారి వేరు

సోవియట్ యూనియన్‌కు భయం విమానవాహక నౌకలతో. అందుకే వాళ్లు డిస్ట్రాయర్ మీద ముందుగా పెట్టింది ఓడలను కొట్టే క్షిపణిని. 1958లో సేవలోకి వచ్చిన ‘బెదోవీ’ అలాంటి తొలి డిస్ట్రాయర్. తర్వాత గగనతల రక్షణ కోసం ప్రాజెక్ట్ 61 మొదలైంది. నాటో దాన్ని ‘కాషిన్’ అంది. ఇప్పటి ఉక్రెయిన్‌లోని నికొలాయెవ్‌లో కట్టిన మొదటి ఓడ 1962 చివర్లో చేరింది. పూర్తిగా గ్యాస్ టర్బైన్లతో నడిచే తొలి పెద్ద యుద్ధనౌకలు ఇవి. ఆవిరి ఓడ బాయిలర్లు వేడెక్కేదాకా ఎదురుచూసే పని లేదు. టర్బైన్ల ఈల లాంటి మోత వల్ల రష్యన్లు వీటిని ‘పాడే ఫ్రిగేట్లు’ అని ముద్దుగా పిలిచేవారు.

వీటిలోని ‘వోల్నా’ క్షిపణి వ్యవస్థ, మన వైమానిక దళం దశాబ్దాలుగా వాడిన పెచోరాకు నౌకా రూపం. ఇక్కడా దారి చూపే రాడార్లు రెండే, ఒకేసారి రెండు లక్ష్యాలే.

డెక్ కింద డజన్ల కొద్దీ రాకెట్లను పేర్చుకుని బతకడంలోని ప్రమాదం 1974 ఆగస్టు 30న నల్ల సముద్రంలో బయటపడింది. అదే తరగతికి చెందిన ‘ఒత్వాజ్నీ’లో వెనక మ్యాగజైన్‌లోని క్షిపణి దానంతటదే అంటుకుంది. ఓడ మునిగిపోయింది. 24 మంది చనిపోయారు. శత్రువు ఎవరూ లేరు, అది విన్యాసాల సమయం.

చిన్న పడవ పగ

ఈలోగా కథ మొదటికి వచ్చింది. 1967 అక్టోబరు 21న ఈజిప్టు క్షిపణి పడవలు స్టిక్స్ క్షిపణులతో ఇజ్రాయెల్ డిస్ట్రాయర్ ‘ఐలాత్’ను ముంచేశాయి. 47 మంది మరణించారు. పడవలను వేటాడటానికి పుట్టిన ఓడను పడవే వేటాడింది.

నాలుగేళ్ల తర్వాత, 1971 డిసెంబరు 4 రాత్రి, కరాచీకి దక్షిణాన ఐఎన్ఎస్ నిర్ఘాత్ అదే రకం క్షిపణులు రెండు పాకిస్తాన్ డిస్ట్రాయర్ ‘ఖైబర్’ మీద వదిలింది. రెండో ప్రపంచ యుద్ధ కాలపు డిజైన్ అది, క్షిపణి రక్షణ లేదు. ఆకాశంలో కదిలొస్తున్న వెలుగును చూసి సిబ్బంది విమానం అనుకున్నారు, విమాన విధ్వంసక తుపాకులు పేల్చారు. మొదటి క్షిపణి తగిలాక కూడా, శత్రు విమానం దాడి చేసిందనే సందేశం పంపారు. రెండో క్షిపణితో ఓడ మునిగింది. రెండు వందల మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. తమను చంపుతున్నదేమిటో కూడా వాళ్లకు తెలియలేదు.

ఆ దాడుల ప్రణాళికలో పాలుపంచుకున్న వెస్టర్న్ ఫ్లీట్ ఆపరేషన్స్ అధికారి గులాబ్ మోహన్‌లాల్ హీరానందాని. 1980 మే 4న జార్జియాలోని పోతీ రేవులో ఐఎన్ఎస్ రాజ్‌పుత్ మన నౌకాదళంలో చేరినప్పుడు దానికి తొలి కెప్టెన్ ఆయనే. (ఘాజీ జలాంతర్గామి కథలో వినిపించే రాజ్‌పుత్ ఇది కాదు, అదే పేరున్న పాత ఓడ.) కాషిన్ డిజైన్‌నే మన అవసరాలకు మార్చి హెలికాప్టర్ హ్యాంగర్, నాలుగు స్టిక్స్ రకం క్షిపణులు, 44 వోల్నా క్షిపణులు అమర్చారు. రాణా, రంజిత్, రణ్‌వీర్, రణ్‌విజయ్ తర్వాత వచ్చాయి.

రాజ్‌పుత్ చేరిన రెండేళ్లకు, అదే మే 4న, ఫాక్లాండ్స్ దగ్గర బ్రిటిష్ డిస్ట్రాయర్ షెఫీల్డ్‌ను అర్జెంటీనా ఎక్సోసెట్ క్షిపణి కొట్టింది. 20 మంది పోయారు. షెఫీల్డ్‌లో సీ డార్ట్ అనే మంచి గగనతల క్షిపణి ఉంది, ఒక్కటి కూడా పేల్చే అవకాశం రాలేదు. ఎత్తున వచ్చే బాంబర్ల కోసం ఆలోచించిన వ్యవస్థలకు, అలల మీదుగా వచ్చే క్షిపణిని చూసి స్పందించడానికి దొరికేది నిమిషం లోపే. చేతి లాంచర్ తిరిగి గురిపెట్టి, పేల్చి, మళ్లీ నింపుకునే లోపు అంతా అయిపోతుంది.

అక్కడి నుంచే మూతల డెక్ వైపు మళ్లారు. నిలువు గొట్టంలో సిద్ధంగా ఉన్న క్షిపణి ఏ దిక్కుకైనా వెంటనే లేస్తుంది, లాంచర్ తిప్పే పని లేదు. మన దగ్గర ఇది నెమ్మదిగానే జరిగింది. 1997లో వచ్చిన ఐఎన్ఎస్ ఢిల్లీలోనూ చేతి లాంచర్లే ఉన్నాయి. 2014లో ఐఎన్ఎస్ కోల్‌కతాతో నిలువు గొట్టాల్లో బరాక్-8 వచ్చింది. దాని ముక్కులోనే సొంత రాడార్ ఉంటుంది కాబట్టి, చివరిదాకా వెలుగు పట్టే ఇల్యూమినేటర్ అక్కర్లేదు. ఐఎన్ఎస్ విశాఖపట్నంలో ఇలాంటివి 32. లెక్కకు రాజ్‌పుత్ కంటే డజను తక్కువ. కానీ మూడో విమానం వస్తే ఏం చేయాలన్న ఆడమ్స్ నాటి బెంగ దానికి లేదు.