ట్రాక్టరు బరువు ఎట్లా లాగుతుంది?

కల్లంలోని వడ్లు ఐకెపి కేంద్రానికి పోవాలన్నా, మానుకోట మిర్చి వరంగల్ ఏనుమాముల మార్కెట్‌కు చేరాలన్నా, జనగామ చుట్టుపక్కల పత్తి బస్తాలు ఇల్లు కదలాలన్నా ట్రాక్టరే కావాలి. 2019 తర్వాత పల్లె ప్రగతి కింద దాదాపు ప్రతి గ్రామ పంచాయతీకి ట్రాక్టరు, ట్రాలీ, నీళ్ల ట్యాంకరు వచ్చాయి. వాటిని చాలా పంచాయతీలు అప్పు మీద కొన్నాయి. కొన్ని చోట్ల మహిళా సమాఖ్యలు కూడా ట్రాక్టర్లు కొని కిరాయికి ఇస్తున్నాయి. అంటే ఆ బండి పాడయితే నష్టపోయేది డ్రైవరు కాదు. ఊరు నష్టపోతుంది, సంఘం నష్టపోతుంది. అందుకని బండి నడపని వాళ్లు కూడా దాని కడుపులో ఏముందో కొంత తెలుసుకోవాలి.

ఇంజను ముందు ఉంటుంది. బరువు లాగేవి వెనుక పెద్ద చక్రాలు. ఇంజను నిమిషానికి రెండు వేల చుట్ల దాకా తిరుగుతుంది. చక్రం కూడా అంత వేగంగా తిరిగితే బండి ఆగుతుందా? అందుకే ఇంజనుకూ చక్రాలకూ నడుమ గేరు బాక్సు పెట్టారు. దాని లోపల పళ్ల చక్రాలు ఉంటాయి. చిన్న పళ్ల చక్రం పెద్ద పళ్ల చక్రాన్ని తిప్పితే వేగం తగ్గుతుంది, బలం పెరుగుతుంది. నెత్తిన వడ్ల మూట ఉన్నప్పుడు గట్టు ఎట్లా ఎక్కుతాం? చిన్న చిన్న అడుగులు వేస్తాం. చిన్న గేరు అంటే అదే. ఉత్త చేతులతో పోయేటప్పుడు వేసే పెద్ద అంగలు పెద్ద గేరు.

ఇంజనుకూ గేరు బాక్సుకూ మధ్య క్లచ్ ప్లేటు ఉంటుంది. డ్రైవరు ఎడమ కాలితో పెడలు తొక్కితే ప్లేటు విడిపోతుంది. ఇంజను తిరుగుతున్నా బలం చక్రాలకు పోదు. కాలు తీస్తే ప్లేటు అతుక్కుంటుంది, బండి కదులుతుంది. పూర్తిగా తొక్కినా మంచిదే, పూర్తిగా వదిలినా మంచిదే. సగం తొక్కి ఉంచితేనే చేటు. దీన్నే హాఫ్ క్లచ్ అంటరు. అప్పుడు ప్లేటు అతుక్కోదు, విడిపోదు, రుద్దుకుంటూ ఉంటుంది. రెండు అరచేతులు గట్టిగా రుద్దితే ఎంత వేడి పుడుతుందో చూడండి. వెనుక నలభై క్వింటాళ్ల బరువు ఉన్నప్పుడు ఇనుముకు రుద్దుకునే ప్లేటు ఎంత కాలుతుందో ఊహించుకోవచ్చు.

కొందరు డ్రైవర్లకు పెడలు మీద కాలు ఆనించి కూర్చునే అలవాటు ఉంటుంది. ప్లేటుకు ఇంతకంటే చెడ్డ అలవాటు లేదు. ప్లేటు కాలేటప్పుడు ఘాటు వాసన వస్తుంది. ట్రాలీలో కూర్చున్న వాళ్లకే అది ముందు తెలుస్తుంది.

"ఏందో కాలిన వాసన వస్తుంది తమ్మీ, జర బండి ఆపు."

"ఏం లేదు చిన్నమ్మా, ఎండకు అట్లనే వస్తది."

ఎండకు అట్లా రాదు. బండి ఆపి, చల్లారనిచ్చి, బరువు తగ్గించి, చిన్న గేరులో కదిలించాలి. ప్లేటు పూర్తిగా కాలితే ట్రాక్టరును నడిమికి రెండు ముక్కలుగా విడదీస్తే తప్ప కొత్తది వేయరాదు. మెకానిక్ కూలి, ప్లేటు ఖరీదు ఒక ఎత్తు. నాట్ల కాలంలో బండి షెడ్డులో ఉండిపోవడం ఇంకో ఎత్తు.

ఇక బరువు సంగతి. కేంద్రంలో వడ్ల బస్తా 40 కిలోలు తూకం వేస్తారు. 100 బస్తాలు ఎక్కిస్తే 40 క్వింటాళ్లు. లీటరు నీళ్లు కిలో బరువు ఉంటాయి. 5,000 లీటర్ల ట్యాంకరు నిండితే నీళ్ల బరువే 50 క్వింటాళ్లు, ట్యాంకరు ఇనుము బరువు వేరే. పైగా నీళ్లు ఒక్క చోట ఉండవు, ముందుకూ వెనక్కూ ఊగి బండిని తోస్తాయి. సగం నింపిన ట్యాంకరులో ఈ ఊగుడు ఇంకా ఎక్కువ. అందుకే ట్యాంకరు లాగేటప్పుడు ఖాళీ ట్రాలీ లెక్క ఉరికించరాదు.

ఎత్తు మీదికి పోయేటప్పుడు చిన్న గేరు ముందే వేసుకోవాలి. సగం ఎక్కినాక మార్చబోతే, క్లచ్ తొక్కిన ఆ క్షణంలో ట్రాలీ వెనక్కి గుంజుతుంది. దిగేటప్పుడు ఇంకా ప్రమాదం. డీజిలు మిగులుతుందని కొందరు గేరు తీసి, న్యూట్రల్‌లో వదిలేస్తారు. గేరులో ఉన్నంత సేపు ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. గేరు తీస్తే ఆ పట్టు పోతుంది. చాలా ట్రాలీలకు సొంత బ్రేకులు ఉండవు. మొత్తం బరువు ట్రాక్టరు బ్రేకుల మీదనే పడుతుంది. అవి వేడెక్కి పట్టు విడిస్తే ట్రాలీ ట్రాక్టరును తోసుకుంటూ పోయి పక్కకు మడత పెడుతుంది. వేగం అందుకున్నాక మళ్లీ గేరు వేద్దామంటే పళ్లు కలవవు, కరకర మంటాయి. ఏ గేరులో ఆ ఎత్తు ఎక్కగలమో, అదే గేరులో దిగాలి. క్లచ్ మీద కాలు పెట్టరాదు. ట్రాక్టరుకు కుడి చక్రానికి ఒక బ్రేకు పెడలు, ఎడమ చక్రానికి ఒక పెడలు ఉంటాయి. రోడ్డు ఎక్కే ముందు ఆ రెండింటినీ కలిపి కొక్కెం వేయాలి. లేకపోతే ఒక్క చక్రమే ఆగి బండి తిరగబడుతుంది.

ట్రాలీ సామాన్ల బండి. మనుషులను ఎక్కించడానికి చట్టం ఒప్పుకోదు. 2018 జూన్ 24న యాదాద్రి భువనగిరి జిల్లా వేములకొండ దగ్గర పొలం పనికి పోతున్న కూలీల ట్రాక్టరు మూసీ కాలువలో పడింది. 15 మంది చనిపోయారు. వారిలో ఎక్కువ మంది ఆడవాళ్లే. అయినా పత్తి ఏరడానికి, నాట్లకు ట్రాలీలోనే పోతున్నారు. వేరే బండి దొరకక పోతున్నారు. అట్లాంటప్పుడు డ్రైవరు న్యూట్రల్‌లో దింపుతుంటే "గేరులో నడుపు, లేకుంటే మేం దిగుతం" అని గట్టిగా అడగాలి. అడిగితే సిగ్గు ఏమీ లేదు.

ట్రాక్టరు పడవను కూడా లాగుతుంది. చెరువులో చేపలు పట్టే వాళ్లు ఒక చెరువు నుంచి ఇంకో చెరువుకు పడవను ట్రాలీ మీద తెస్తారు. వరదలప్పుడు పడవలు రోడ్డు మీదనే రావాలి. 2023 జూలై 27న మోరంచవాగు పొంగి భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి మునిగినప్పుడు జనాన్ని హెలికాప్టర్లతో, పడవలతో కాపాడారు. పడవ చూడడానికి పెద్దగా ఉన్నా, చిన్న పడవ బరువు వడ్ల లోడు కంటే చాలా తక్కువ. కానీ లోపల వాన నీళ్లు నిలిచి ఉంటే అవే ఐదారు క్వింటాళ్లు తూగుతాయి. ముందు ఆ నీళ్లు తోడి పారబోయాలి.

అసలు చిక్కు చెరువు కట్ట దిగినాక వస్తుంది. పడవను నీళ్లలోకి జార్చడానికి బండిని వెనక్కి నడుపుతారు. దూరం లాగి వచ్చిన బండి వెనుక ఇరుసు, గేరు బాక్సు వేడిగా ఉంటాయి. లోపలి గాలి వేడికి ఉబ్బి, పైనున్న చిన్న గాలి రంధ్రం గుండా కొంత బయటికి పోయి ఉంటుంది. వేడి ఇనుము చల్లని నీళ్లలో మునగగానే లోపలి గాలి ముడుచుకుంటుంది. అప్పుడు ఆ రంధ్రం నుంచో, అరిగిన సీళ్ల సందుల నుంచో నీళ్లను లోపలికి పీలుస్తుంది. కాబట్టి గట్టు మీద కాసేపు ఆగాలి. చేయి పెడితే కాలనంత చల్లారినాక దిగాలి. ఇరుసు మునిగే లోతుకు పోవద్దు. ట్రాలీని కొంత దూరంలోనే ఆపి, పడవను మోకుతో జార్చుకోవచ్చు. పొంగే వాగు దాటినా, ఇనుప చక్రాలతో దమ్ము చేసినా ఇదే భయం.

నీళ్లు పోయినట్టు ఎట్లా తెలుస్తుంది? గేరు ఆయిల్ కొలిచే పుల్ల ఉంటుంది. బయటికి తీసి చూస్తే మంచి ఆయిల్ తేనె లెక్క మెరుస్తుంది. నీళ్లు కలిస్తే పాలు పోసిన చాయ రంగుకు మారుతుంది. ఆ ఆయిల్‌తో నడిపితే పళ్లు అరుగుతాయి, బేరింగులు తుప్పు పడతాయి. చాలా ట్రాక్టర్లలో లిఫ్టు పనిచేసేదీ, బ్రేకులు చల్లారేదీ ఇదే ఆయిల్‌తో. ఆయిల్ మొత్తం తీసి కొత్తది పోయాల్సిందే.

అమెరికాలో సొంత కార్ల వెనుక పడవలు కట్టుకొని చెరువులకు పోతారు. అక్కడ చాలా కార్లలో గేర్లు వాటంతట అవే మారతాయి. బరువు లాగినప్పుడు వాటి ఆయిల్ మరీ కాగిపోతుంది. అందుకని ఆయిల్ చల్లార్చే చిన్న జాలీ వేరేగా బిగిస్తారు. బండి వేరైనా శత్రువు ఒక్కటే, వేడి.

ట్రాక్టరు ముందు పలక మీద గంటల మీటరు ఉంటుంది. ఇంజను ఇప్పటిదాకా ఎన్ని గంటలు నడిచిందో అది చూపుతుంది. ఎన్ని గంటలకు ఒకసారి గేరు ఆయిల్ మార్చాలో బండితో వచ్చిన పుస్తకంలో రాసి ఉంటుంది. సంఘం ట్రాక్టరుకైనా, పంచాయతీ ట్రాక్టరుకైనా ఒక నోటు పుస్తకం పెట్టాలి. ఆయిల్ పోసిన తేదీ, ఆ రోజు మీటరులోని అంకె, పోసిన లీటర్లు, ఇచ్చిన పైసలు వరుసగా రాయాలి. ఈ నాలుగూ రాయగల చేతులు ఇప్పుడు సంఘంలో ఉన్నాయి. తర్వాత డ్రైవరు "మొన్ననే మార్చిన" అంటే పుస్తకం తీసి చూడవచ్చు.