మందుల యంగడిలో ఫార్మసిస్టు ఎచ్చట?

2025 సంవత్సరమున మధ్యప్రదేశములోని ఛింద్వాడా ప్రాంతమున దగ్గుమందు త్రాగి, మూత్రపిండములు చెడి, ఇరువదిమందికి పైగా పసిపిల్లలు మరణించిరి. ఆ మందు తయారైనది కాంచీపురము జిల్లాలో. అనగా మన చిత్తూరునకు ఒకపూట ప్రయాణములో. తమిళనాడు ప్రభుత్వము వారి పరీక్షలో అందు డైఎథిలీన్ గ్లైకాలను విషద్రవ్యము నూటికి 48.6 పాళ్లున్నట్లు తేలినది. 1937 లో అమెరికాలో నూరుమంది కంటె నెక్కువమందిని బలిగొన్నదియు ఈ విషమే. తయారీదారుల నేరమును న్యాయస్థానములు విచారించుగాక. కర్మాగారమునకును రోగి నోటికిని నడుమ కడపటి గడప యొకటి కలదు. అది మన వీధిలోని మందుల యంగడి. మేము చెప్పదలచినది దానిని గూర్చియే.

1930 లో కర్నలు చోప్రాగారి యధ్యక్షతను ఏర్పడిన విచారణసంఘము, కల్తీమందుల నరికట్టుటకును ఫార్మసీ వృత్తిని క్రమపరచుటకును శాసనములు కావలెనని సూచించెను. 1940 లో మందుల చట్టమును, 1948 లో ఫార్మసీ చట్టమును వచ్చినవి. డాక్టరు చీటీపై నిచ్చు మందును రిజిస్టరైన ఫార్మసిస్టు స్వయముగానో, తన కంటియెదుటనో ఇప్పింపవలెనని విధి. శాసనమున లోపము లేదు. లోపమంతయు గోడకు వ్రేలాడు అద్దపు చట్రములో నున్నది. సర్టిఫికెటు అచ్చటనే యుండును. అందలి ఫోటోలోని మనిషి మాత్రము అంగడిలో నుండడు. నెలకింతయని సర్టిఫికెటును అద్దెకిచ్చు ఆచారమును ఎరుగనివారెవరు? పొలమును కౌలుకిచ్చిన ఆసామియైనను నూర్పిళ్లనాడు కళ్లమునకు వచ్చి నిలుచును! అన్ని యంగళ్లును ఇట్టివేయని మేమనము. నియమము తప్పక నడపువారు మన పట్టణములలో నున్నారు. ఈ అద్దె సర్టిఫికెట్లవలన ముందుగా నష్టపడువారు వారే.

మన జిల్లాలలో ఈ లోపము మరింత ప్రమాదకరము. తిరుపతికి వచ్చిన యాత్రికుడు తన మందును ఇంట మరచి, “రక్తపుపోటుకు వాడు చిన్న తెల్లబిళ్ళ” యని అడుగును. తెల్లబిళ్ళ లెన్ని లేవు! చిత్తూరువారు వేలూరు ఆసుపత్రి చీటీతో వచ్చుదురు. చీటీలోనిది లేకున్న “ఇదియు నదే” యని మరియొకటి చేత బెట్టుట కలదు. అది నిజముగా నదేనా కాదా యని చెప్పగలుగుటకే గదా ఫార్మసిస్టునకు చదువు!

ఇక స్ట్రిప్పు కత్తిరించు సంగతి. బీదలు రెండేసి బిళ్ళలు కొందురు. అందు తప్పు లేదు. కాని బ్యాచి సంఖ్యయు గడువు తేదీయు ఉన్న కొసను ముందుగా కత్తిరించి యిచ్చినచో, మిగిలిన బిళ్ళలకు పుట్టుకయు లేదు, చావును లేదు. ఫలానా బ్యాచి మందు వాడవలదని ప్రభుత్వము ప్రకటించిన దినమున వానిని గుర్తించుటెట్లు? రెండవ కొసనుండి కత్తిరించుటకు కాసు ఖర్చు లేదు.

మా వేసవిని గూర్చి వేరుగ చెప్పనక్కరలేదు. మే నెలలో తిరుపతిలో వేడిమి 40 డిగ్రీలు దాటును. 30 డిగ్రీలకు మించని చోట నుంచుడని పెట్టెమీద నున్న మందులు రేకుల కప్పు క్రింద ఉడుకుచుండును. తెరువని ఇన్సులినును 2 మొదలు 8 డిగ్రీల నడుమ నుంచవలెను. రాత్రి తలుపు మూయునప్పుడు మెయిను స్విచ్చి ఆపు అంగడిలో ఫ్రిజ్జి ఉండియు లేనిదే. అట్టి ఇన్సులిను చూపునకు మారకయే బలము కోల్పోవచ్చును. రోగియు డాక్టరును మోతాదును తప్పుబట్టుచుందురు.

తప్పంతయు అంగడివానిదే యనుట న్యాయము కాదు. చీటీ లేకయే పాలేరుచేత ఖాళీరేకు పంపి మందు తెప్పించుకొను ఆసామి ఎవరు? పన్ను మిగులునని బిల్లు వలదను పట్టణవాసి ఎవరు? 2014 మార్చి మొదలు హెచ్ వన్ పట్టికలోని మందులకు, అనగా కొన్ని ఘనమైన యాంటిబయాటిక్కులకును క్షయమందులకును, డాక్టరు పేరు, రోగి పేరు, ఇచ్చిన మొత్తము వేరు రిజిస్టరులో వ్రాసి మూడేండ్లు భద్రపరుపవలెను. చీటీయే రానప్పుడు వ్రాయుట దేనిని?

చట్టములోని 26 వ సెక్షను ప్రకారము, తాను కొన్న మందును నిర్ణీత రుసుము చెల్లించి ప్రభుత్వ పరీక్షకునికి పంపి నివేదిక పొందు హక్కు ఎల్లరకును కలదు. బిల్లు లేనివానికి ఆ మందు ఏ యంగడిదో చూపుట దుర్లభము. తమ పరిధిలోని అంగళ్లను ఏడాదికొక్క మారైనను తనిఖీ చేయవలసిన డ్రగ్ ఇన్‌స్పెక్టర్లకు మా మనవి యొకటి: పగటి పదిగంటలకు గాక, సాయంకాలము ఏడు గంటలకు, జనము క్రిక్కిరిసిన వేళ రండు, గోడమీది ఫోటోను చూచి, గల్లాపెట్టెయొద్దనున్న మనిషి ముఖమును చూడుడు.