మీ డ్యూటీ గంటలు మీ ఫోనే రాసిపెడుతుంది

జీతం తక్కువొచ్చిందని అడిగితే ఫోర్‌మన్ టైమ్‌షీటు తీసి ముందు పెడతాడు. మరి మీరేం చూపిస్తారు?

యు.ఏ.ఇ.లో కంపెనీ పని మామూలుగా రోజుకు 8 గంటలు, వారానికి 48. ఆపైన చేసిన ప్రతి గంటకూ బేసిక్ మీద కనీసం 25 శాతం కలిపి ఇవ్వాలి. బేసిక్ 1,000 దిర్హాములు అనుకోండి. ఓవర్‌టైం గంటకు 5 దిర్హాముల పైన వస్తుంది. రోజుకు 2 గంటల చొప్పున 26 రోజులు చేస్తే నెలకు సుమారు 270. ఊళ్లో ఇంటికి అది చిన్న మొత్తమేం కాదు.

డైరీ రాయమంటే నాలుగు రోజులు రాసి వదిలేస్తాం. ఒళ్లు అలిసి క్యాంపుకొచ్చాక పెన్ను ఎవరు పడతారు? అందుకే ఆండ్రాయిడ్ ఫోను ఉంటే ప్లే స్టోర్‌లో మాక్రోడ్రాయిడ్ చూడండి. డబ్బు కట్టకుండా 5 మాక్రోల దాకా పెట్టుకోవచ్చు. మాక్రో అంటే ఏం లేదు, 'ఇది జరిగితే అది చెయ్యి' అని ఫోనుకు ఒకసారి చెప్పిపెట్టడమే.

'యాడ్ మాక్రో' నొక్కితే మూడు రంగుల గడులు కనిపిస్తాయి. ఎరుపు ట్రిగ్గర్, అంటే ఎప్పుడు చెయ్యాలి. నీలం యాక్షన్, ఏం చెయ్యాలి. ఆకుపచ్చ గడి షరతులకు. మనకు అక్కర్లేదు, ఖాళీగా వదిలెయ్యండి.

ఎరుపు గడిలో ప్లస్ నొక్కి, లొకేషన్ కింద 'జియోఫెన్స్' ఎంచుకోండి. మ్యాపులో మీ సైటు చుట్టూ ఒక వృత్తం పెట్టాలి. మరీ చిన్నది పెడితే ఫోను పొరబడుతుంది. లోపలికి వచ్చినప్పుడు అని ఎంచుకోండి. తర్వాత నీలం గడిలో ఫైల్స్ కింద 'రైట్ టు ఫైల్'. చాలామంది చిక్కుకునేది ఇక్కడే. టైము చేత్తో కొట్టకూడదు, కొడితే రోజూ అదే టైము పడుతుంది. పక్కనున్న మూడు చుక్కలు నొక్కితే వచ్చే జాబితాలోంచి తేదీ, గంట, నిమిషం ఎంచుకోవాలి. 'అపెండ్' కూడా పెట్టాలి, లేకపోతే ఇవాళ్టి లైను నిన్నటిదాన్ని చెరిపేస్తుంది. పేరు పెట్టి సేవ్ చెయ్యండి. సైటు నుంచి బయటికి వెళ్లినప్పటికి ఇలాంటిదే ఇంకొకటి చెయ్యండి. ఫోను సెట్టింగుల్లో ఈ యాప్‌కు బ్యాటరీ ఆదా ఆపెయ్యండి. ఆపకపోతే రెండు రోజులకే నిద్రపోతుంది.

ఇళ్లలో పనిచేసే అక్కలకు జియోఫెన్స్ పనికిరాదు, పనీ పడకా ఒకే ఇంట్లో కదా. మీరు ఎరుపు గడిలో విడ్జెట్ బటన్ పెట్టుకోండి. లేవగానే ఒకసారి, పడుకునే ముందు ఒకసారి నొక్కితే చాలు. మీ చట్టం వేరు: రోజుకు 12 గంటల విశ్రాంతి, అందులో 8 గంటలు తెగకుండా ఉండాలి. వారానికి ఒక రోజు జీతంతో సెలవు.

ఈ ఫైలు ఒక్కటే కేసు గెలిపించదు. యజమాని దాన్ని ఒప్పుకోకపోవచ్చు. కానీ కార్మిక శాఖ సలహా నంబరు 80084కి ఫోను చేసినప్పుడు 'చాలా గంటలు చేశానండీ' అనడం కన్నా తేదీలతో చెప్పడం వేరు.

ఒక జాగ్రత్త. ఇదే యాప్‌తో ఫోర్‌మన్ మాటలు రికార్డు చేద్దామన్న ఆలోచన రావచ్చు. అనుమతి లేకుండా ఎదుటివారి మాట రికార్డు చెయ్యడం, ఫోటో తియ్యడం ఇక్కడ నేరం. మీ గంటల వరకే ఉంచుకోండి. కంపెనీ ఇచ్చిన ఫోనులో పెట్టకండి. వారానికోసారి ఆ ఫైలు ఇంటికి వాట్సాప్‌లో పంపండి, ఫోను పోయినా లెక్క మిగులుతుంది.